దేవతలు పొరబడతారా? ప్రళయాలు ఎక్కడి నీళ్ళు?

రెండు నెలల కిందట ఈ శీర్షికలో మత్స్యావతార కథకూ, బైబిలులోని నోవహు ఓడ కథకూ ఉన్న పోలికల గురించి ఒక చిన్న జవాబు ఇచ్చాము. దానిమీద వచ్చిన ఉత్తరాలలో కొన్ని అటువంటి ప్రళయం నిజంగా జరిగిందా అని అడిగినవి, తక్కినవి ప్రళయాన్ని పంపిన దేవుణ్ణి తప్పు పట్టవచ్చునా అని అడిగినవి. రెండూ వేర్వేరుగా కనిపించినా ఒకదాని కొస రెండవదానిలో ముడిపడి ఉన్నది కనుక, ఈసారి తక్కిన ఉత్తరాలను పక్కన పెట్టి వీటికే చోటు ఇస్తున్నాము.

ప్రశ్న: భాగవతంలో ఇంద్రుడు తనకు పూజ మానేశారన్న కోపంతో గోకులం మీద ఏడు రోజులు రాళ్ళవాన కురిపించాడు. పసిబిడ్డలూ, ఆవులూ, లేగలూ ఉన్న పల్లెను ముంచివేయాలనుకోవడం తప్పు కాదా? తప్పయితే ఆయనను దేవుడని ఎలా అంటాము? మా ఇంట్లో ఈ మాట అడిగితే పెద్దవాళ్ళు కళ్ళెర్రజేశారు. (పాఠకురాలు, తెనాలి)

జవాబు: కళ్ళెర్రజేయవలసినంత మాట మీరు అనలేదు. మీరు అడిగినదానిని భాగవతం తానే అడిగి, ఇంద్రుడిది తప్పేనని తేల్చి, చివరకు ఆయన చేతనే ఒప్పించింది.

చిక్కు ముందు మన మాటలోనే ఉన్నది. తెలుగులో "దేవుడు" అన్న ఒక్క మాటతో మనం ఇద్దరిని పిలుస్తున్నాము: సృష్టి స్థితి లయలకు కర్త అని నమ్మే పరమేశ్వరుణ్ణీ, ఆ సృష్టిలోనే తలా ఒక పని చూసుకొనే ఇంద్రాగ్నివరుణాదులనూ. పురాణాలు ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టలేదు. వాటి లెక్కలో ఇంద్రుడన్నది ఒక పదవి. మన్వంతరానికొక, అంటే ఒక్కొక్క మనువు ఏలే కాలానికొక ఇంద్రుడు మారుతాడు. ఇప్పుడున్నవాడు పురందరుడు, రాబోయే సావర్ణి మన్వంతరంలో ఆ గద్దె ఎక్కేవాడు వామనుడు సుతలానికి పంపిన బలి చక్రవర్తి. పదవి అన్నాక పోతుందన్న బెంగ ఉండనే ఉంటుంది. ఎక్కడ ఎవరు తపస్సుకు కూర్చున్నా ఇంద్రుడికి నిద్ర పట్టకపోవడం, పృథు చక్రవర్తి నూరవ అశ్వమేధానికి దిగితే యాగాశ్వాన్ని దొంగిలించడం, ఇవేవీ మన కవులు దాచిపెట్టిన సంగతులు కావు. అహల్య కథ సరేసరి.

కనుక దేవతలు పొరబడగలరా అంటే మన ప్రాచీన గ్రంథాల జవాబు పొరబడగలరనే. కేనోపనిషత్తులో, అసురుల మీద గెలుపు తమ గొప్పే అనుకొంటున్న దేవతల ఎదుట ఒక యక్షం నిలబడి గడ్డిపరక పెడుతుంది. దానిని అగ్ని కాల్చలేకపోయాడు, వాయువు కదపలేకపోయాడు, ఎదుట నిలిచినది బ్రహ్మమని ఉమ చెబితే గాని ఇంద్రుడికి తెలియలేదు. దేవతలకు బ్రహ్మవిద్య నేర్చుకొనే అర్హత ఉన్నదా అన్న చర్చకు బ్రహ్మసూత్రాలలో ఒక అధికరణమే ఉన్నది. ఉన్నదని ఆ సూత్రాల కర్త బాదరాయణుడి నిర్ణయం. నేర్చుకోవలసినది ఇంకా మిగిలి ఉన్నవాడు సర్వజ్ఞుడు కాడని వేరే చెప్పనక్కరలేదు. బౌద్ధులు ఇంకా ముందుకు పోయారు. దీఘనికాయంలోని కేవడ్డ సుత్తంలో ఒక భిక్షువు, పృథివి మొదలైన నాలుగు మహాభూతాలు ఎక్కడ మిగలకుండా అంతమవుతాయో తెలుసుకోవాలని దేవలోకాలన్నీ ఎక్కి మహాబ్రహ్మ దాకా పోతాడు. ఆయన తాను సర్వేశ్వరుణ్ణనీ, అన్నీ ఎరిగినవాణ్ణనీ గంభీరంగా చెప్పుకొంటాడే గాని అడిగినదానికి జవాబు చెప్పడు. భిక్షువు పట్టు విడవకపోయేసరికి చెయ్యి పట్టుకొని పక్కకు తీసుకుపోయి, నాకు తెలియనిది లేదని ఈ దేవతలందరూ అనుకొంటున్నారు, వాళ్ళ ఎదుట ఎలా చెప్పను, నాకూ తెలియదు అంటాడు. ఏ కార్యాలయంలోనైనా కొంతకాలం పనిచేసినవారికి ఈ దృశ్యం కొత్తగా ఉండదు.

ఇక గోవర్ధనం. మీరు చెప్పిన ఏడు రోజుల వానకు ముందు ఒక సంభాషణ ఉన్నది. కథ చెప్పేటప్పుడు చాలామంది దానిని దాటవేస్తారు గాని, నా మట్టుకు నాకు కొండ ఎత్తడం కన్నా అదే పెద్ద విశేషం. ఇంద్రయాగానికి సంభారాలు కూర్చుకొంటున్న నందుణ్ణి కృష్ణుడు ఈ యాగం ఎందుకని అడుగుతాడు. మేఘాలు ఇంద్రుడి రూపాలు, ఆయన కురిపించే నీటితోనే మన బతుకు అని నందుడు చెబుతాడు. దానికి కృష్ణుడు, రజోగుణం ప్రేరేపిస్తే మేఘాలు అన్ని చోట్లా కురుస్తాయి, ప్రజలు ఆ నీటితో బతుకుతారు, "మహేంద్రః కిం కరిష్యతి", ఇందులో ఇంద్రుడు చేసేదేమున్నది అంటాడు (దశమ స్కంధం, 24వ అధ్యాయం). అన్ని చోట్లా అన్న మాటను కాస్త పట్టి చూడండి. యాగం చేసినవాడి పొలం మీదా, చేయనివాడి పొలం మీదా, ఎవరికీ అక్కరలేని నడిసముద్రం మీదా వాన ఒకే తీరుగా పడుతున్నప్పుడు దాని వెనుక ఒకరి మెప్పునూ కోపాన్నీ వెదకడం ఎందుకన్నది అందులోని వాదం.

దీనిని నేటి వాతావరణ శాస్త్రానికి పూర్వరూపమని చూపబోతే అతి అవుతుంది. ఇంద్రుడికి కోపం తెప్పించడానికే కృష్ణుడు ఈ మాటలన్నాడని మూలంలోనే ఉన్నది. వ్యాఖ్యాతలు కూడా దీనిని ఆయన సిద్ధాంతంగా తీసుకోరు. అయినా వానకు కారణం వాన స్వభావమే కావచ్చునన్న ఆలోచన ఆనాటికే చర్చలో ఉన్నదనడానికి ఇది చాలు. కోపం వచ్చిన ఇంద్రుడు మామూలు మేఘాలను విడవలేదు, కల్పాంతానికని, అంటే మన్వంతరాలన్నీ ముగిసే ప్రళయానికని కట్టి ఉంచిన సాంవర్తక మేఘాలను ఒక ఆలమంద మీదికి తోలాడు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే. వాన వెలిశాక ఏకాంతంగా వచ్చి, కిరీటం కృష్ణుడి పాదాలకు తగిలేలా మొక్కి, మదంతో చేశానని ఒప్పుకొన్నాడు. కృష్ణుడు ఆయన పదవి ఊడబెరకలేదు. గర్వం విడిచి మీ మీ అధికారాలలో ఉండండని చెప్పి పంపివేశాడు. మీ పెద్దలకు ఈ మూడు నాలుగు అధ్యాయాలు చదివి వినిపించండి.

ప్రశ్న: మనువు కథ, నోవహు కథ, బాబిలోనియా కథ, చైనా కథ, ఇన్ని జాతులకు ఒకే కథ ఉన్నదంటే ఒకప్పుడు భూగోళమంతా మునిగిందనడానికి అది సాక్ష్యం కాదా? ప్రకృతి కారణాలతో దీనిని ఎలా వివరిస్తారు? (ఇంజనీరింగు విద్యార్థి, హనుమకొండ)

జవాబు: ఒకే కథ అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతున్నది. పక్కపక్కన పెట్టి చదివితే వీటిలో నిజంగా చుట్టరికం ఉన్నవి కొన్నే.

బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన జార్జ్ స్మిత్, నినెవె శిథిలాలనుంచి వచ్చిన మట్టిపలకల మీద ఒక ప్రళయ కథను గుర్తించి, 1872 డిసెంబరు 3న లండనులో ఒక సభలో దానిని చదివి వినిపించాడు. మీరన్న బాబిలోనియా కథ ఇదే, గిల్గమేష్ అనే రాజు మీది ప్రాచీన కావ్యంలోని 11వ పలక. అందులో షురుప్పాకు పట్టణపు ఉత్నపిష్టిమ్ దేవతల రహస్యం విని ఓడ కడతాడు, ఓడ కొండకు ఆనాక నేల తేలిందో లేదో చూడటానికి పక్షులను వదులుతాడు, దిగాక చేసిన ఆరాధన సువాసన దేవతలకు సోకుతుంది. ఇవన్నీ ఇదే వరుసలో నోవహు కథ ఉన్న బైబిలు ఆదికాండంలోనూ ఉన్నవి. ఈ రెండు కథలూ ఒక చెట్టు కొమ్మలే అనడంలో పండితులకు అనుమానం లేదు.

మన శతపథ బ్రాహ్మణంలోని కథ దారి వేరు. చేతులు కడుక్కొనే నీటిలో ఒక చేపపిల్ల మనువుకు దొరుకుతుంది, పెంచమంటుంది, పెరిగి పెద్దదై వరద వస్తుందని హెచ్చరిస్తుంది. పక్షులు లేవు, జంతువుల జంటలు లేవు, లోకం పాపంతో నిండినదన్న మాట లేదు. ఆ వరదను ఎవరు పంపారో, ఎందుకు పంపారో కూడా లేదు. చేప కొమ్ముకు కట్టిన నావ ఉత్తరగిరి చేరాక, దానిని చెట్టుకు కట్టివేయమనీ, నీరు తీస్తున్న కొద్దీ మెల్లమెల్లగా దిగమనీ మనువుకు చేప చెబుతుంది. ఇది వరద తీసే తీరును కళ్ళతో చూసినవాడి మాటలా ఉన్నది. చైనా కథ మరీ వేరు. అక్కడ గున్ అనేవాడు కట్టలు కట్టి నీటిని ఆపబోయి విఫలుడవుతాడు, కొడుకు యూ కాలువలు తవ్వించి నీటిని సముద్రంలోకి మళ్ళించి రాజవుతాడు. మీరు చదువుతున్న చదువుకు నచ్చవలసినది ఈ కథే.

భూగోళమంతా మునగడానికి ఎంత నీరు కావాలో లెక్క వేసి చూడండి. గాలిలో ఉన్న నీటి ఆవిరి మొత్తం ఒక్కసారిగా వానై కురిసినా భూమి మీద సగటున రెండున్నర సెంటీమీటర్ల నీరే నిలుస్తుంది. ధ్రువాల దగ్గరి మంచంతా కరిగితే సముద్రమట్టం 70 మీటర్ల దాకా పెరుగుతుంది. ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లు. తక్కిన నీరు ఎక్కడినుంచి రావాలి, వచ్చినది ఎక్కడికి పోవాలి? పైగా గ్రీన్‌లాండులో ఏటేటా పడి గడ్డకట్టిన మంచుపొరలు లక్ష ఏళ్ళకు మించి ఒకదానిమీద ఒకటి చెక్కుచెదరకుండా ఉన్నవి. మధ్యలో సముద్రం వాటిమీదికి వచ్చి ఉంటే అవి అలా నిలిచేవి కావు.

కాని భూగోళం మునగలేదంటే ఏమీ మునగలేదని కాదు. టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు రెండూ నేటి తూర్పు తుర్కియే కొండలలో పుట్టి దక్షిణ ఇరాకులోని బల్లపరుపు నేలమీదికి దిగుతాయి. కొండలమీద మంచు కరిగి, వసంతంలో, సరిగ్గా పంట కోతకు వచ్చే రోజులలో పొంగుతాయి. నైలు నది వరద విత్తనాల ముందు వచ్చి ఒండ్రు పెట్టి పోయేది కనుక ఈజిప్టువారికి వరద వరమైంది. ఆ దక్షిణ ఇరాకులోనే ఉన్న ప్రాచీన సుమేరు దేశపు రైతుకు అది చేతికందిన కూడు లాక్కుపోయేది. అటువంటి నేలలో, చుట్టూ కనుచూపు మేర నీరే అయినప్పుడు, లోకమంతా మునిగిందనడం అబద్ధం కాదు. వాళ్ళ లోకం మునిగింది.

1929లో పురావస్తు పరిశోధకుడు లెనార్డ్ వూలీ సుమేరులోని ఉర్ పట్టణంలో లోతుగా తవ్విస్తూ, పాత జనావాసానికీ దానిమీది జనావాసానికీ నడుమ కుండపెంకు ఒక్కటి లేని మూడు మీటర్ల ఒండ్రు పొరను చూసి, నోవహు ప్రళయం దొరికిందని ప్రకటించాడు. పత్రికలు అదే రాశాయి. తరవాత కిష్‌లోనూ, షురుప్పాకులోనూ ఒండ్రు పొరలు బయటపడ్డాయి. అయితే ఒక్కొక్కటి ఒక్కొక్క కాలానిది. ఉర్‌కు 20 కిలోమీటర్లయినా లేని ఎరిదులో ఆ పొరే లేదు. వూలీ ఒకే ప్రళయాన్ని వెదికాడు, నేల అనేక వరదలను చూపించింది. నా ఉద్దేశంలో అక్షరార్థంగా నమ్మేవారూ, దానికి ఒక్క తేదీ, ఒక్క తవ్వకం చూపించి తేల్చివేయాలనుకొనేవారూ చేసే పొరపాటు ఒక్కటే. షురుప్పాకులోని పొర సుమారు క్రీ.పూ. 2900 నాటిది, ఉత్నపిష్టిమ్‌ది ఆ ఊరే కావడమూ, సుమేరు రాజుల జాబితాలో ప్రళయానికి ముందు చివరి రాజధాని అదే కావడమూ చూస్తే, ఆ వరద జ్ఞాపకం కథకు మొదలై ఉండవచ్చునని అనిపిస్తుంది. అంతకు మించి అనలేము.

ఇంకా రెండు ఊహలు ఉన్నవి. 20,000 ఏళ్ళ కిందట, మంచుయుగం ముదిరి ఉన్నప్పుడు, సముద్రమట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు కిందికి ఉండేది. పర్షియా సింధుశాఖ అడుగంతా పొడి నేల, శ్రీలంకకు నడిచి పోవచ్చు. మంచు కరిగి సముద్రం పైకి రావడానికి వేల ఏళ్ళు పట్టింది, అంటే సగటున ఏడాదికి ఒక సెంటీమీటరు. ఓడ కట్టుకొని పారిపోవలసిన వేగం కాదది, తరానికొకసారి గుడిసెలు వెనక్కి జరుపుకోవలసిన వేగం. రెండవది 1997లో విలియం రయన్, వాల్టర్ పిట్‌మన్ అనే భూవిజ్ఞానులు చెప్పినది: సుమారు 7,600 ఏళ్ళ కిందట మధ్యధరా సముద్రం బాస్ఫరస్ గట్టు తెంచుకొని నల్లసముద్రంలోకి విరుచుకు పడిందని. ఆ నీరు అంత ఎత్తునుంచి, అంత హఠాత్తుగా వచ్చిందా అన్న విషయంలో భూవిజ్ఞానులు ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు.

ప్రశ్న: బైబిలులో, మనుషులను చేసినందుకు దేవుడు హృదయంలో నొచ్చుకొన్నాడని ఉన్నది. జరగబోయేది ముందే తెలిసినవాడు తరవాత నొచ్చుకోవడం ఎలా? నేను విశ్వాసిని, వెక్కిరింపుగా అడగడం లేదు. (ఉపాధ్యాయుడు, నరసరావుపేట)

జవాబు: ఆదికాండం 6వ అధ్యాయంలోని ఆ వాక్యం బరువు తెలియాలంటే, ఆ కథకన్నా పాతదైన బాబిలోనియా కథను ముందు చూడాలి. అక్కడ దేవతలు అనేకులు, అందరూ తలా ఒక విధంగా పొరబడతారు. క్రీ.పూ. 17వ శతాబ్దపు పలకలలో ఉన్న అత్రహసీస్ కథలో ఎన్లిల్ దేవుడు మనుషులను ముంచాలనుకోవడానికి కారణం పాపం కాదు, వాళ్ళ రొద వల్ల తనకు నిద్ర పట్టకపోవడం. గిల్గమేష్ కావ్యంలో వరద మొదలయ్యాక దేవతలే హడలిపోయి పై లోకానికి పారిపోయి గోడవార కుక్కల్లా ముడుచుకు కూర్చుంటారు. ఇష్తార్ దేవి, సభలో ఇందుకు నేనెలా ఒప్పుకొన్నానని పురిటినొప్పులు పడుతున్న ఆడదానిలా కేకలు పెడుతుంది. నైవేద్యాలు పెట్టే మనుషులు పోయారు గనుక ఆకలితో ఉన్న దేవతలు, ఉత్నపిష్టిమ్ చేసిన ఆరాధన దగ్గర ఈగల్లా మూగుతారు. అప్పుడు ఏఆ దేవుడు ఎన్లిల్‌ను నిలదీస్తాడు: పాపం చేసినవాడి మీద పాపం మోపు, ఆలోచన లేకుండా అందరినీ ఎలా ముంచావు? ఎన్లిల్ దగ్గర జవాబు లేదు.

దేవతలు అనేకులు అయినప్పుడు ముంచినవాడు ఒకడు, కాపాడినవాడు ఒకడు, ఏడ్చినది మరొకరు. అదే కథ దేవుడొక్కడే అని నమ్మిన జాతి చేతికి వచ్చేసరికి ఈ ముగ్గురి పనులూ ఒక్కడి మీద పడ్డాయి. నొచ్చుకోవడమన్న మాట అక్కడ ఆ భారం వల్లనే వచ్చిందని నా అభిప్రాయం. మొదటి సమూయేలు 15వ అధ్యాయం ఈ ఇబ్బందిని దాచలేదు: 11వ వచనంలో సౌలును రాజును చేసినందుకు దేవుడు పశ్చాత్తాపపడ్డాడు, 29వ వచనంలో ఆయన పశ్చాత్తాపపడటానికి మనిషి కాడు. యూదు, క్రైస్తవ వ్యాఖ్యాతలలో చాలామంది ఇది మనుషుల భాషలో చెప్పిన మాటే గాని దేవుడి జ్ఞానంలో లోటు కాదన్నారు; ప్రేమించినవాడు బాధపడకుండా ఉండడనీ, ఆ బాధ నిజమైనదేననీ అన్నవారూ ఉన్నారు. మీరు మరొక చోటు కూడా చూడండి. వరదకు ముందు చెప్పిన కారణం మనిషి హృదయంలోని ఆలోచన చెడ్డదని. వరద తరవాత, 8వ అధ్యాయంలో, ఇక ఎన్నడూ ఇలా చేయనని చెప్పినప్పుడు ఇచ్చిన కారణమూ అదే. మధ్యలో మనిషి మారలేదు.

ఈ సమస్య మన వేదాంతులకూ ఎదురైంది. ఒకరికి సుఖం, ఒకరికి దుఃఖం ఇచ్చే ఈశ్వరుడికి పక్షపాతమూ, నిర్దయా అంటవా అన్న ఆక్షేపణకు "వైషమ్యనైర్ఘృణ్యే న సాపేక్షత్వాత్" అన్న బ్రహ్మసూత్రం జవాబు: ఆయన జీవుల కర్మను బట్టి ఇస్తాడు కనుక అంటవు. శంకరులు అక్కడ ఇచ్చిన ఉపమానం వానే. వరికీ యవలకూ వాన ఒక్కటే, మొలకలో తేడా విత్తనానిది. విత్తనాల తేడాకు ఈ ఉపమానం చక్కగా అమరుతుంది. కాని అన్ని విత్తనాలనూ ఒకేసారి కుళ్ళబెట్టే వాన సంగతి ఏమిటని అడిగితే ఇది పూర్తి జవాబుగా నాకు తోచదు. వేదంలోని కర్మలే ప్రధానమన్న మీమాంసకులు ఈ తగాదాలోకే దిగలేదు. వారిలో శబరస్వామి దేవతలకు శరీరమే లేదన్నాడు, కుమారిలభట్టు సృష్టికర్తనూ మహాప్రళయాన్నీ ఒప్పుకోలేదు. "న కదాచిదనీదృశం జగత్", జగత్తు ఇలా కాకుండా ఎప్పుడూ లేదన్నది వారి మాట. వేదాన్ని ప్రాణంగా చూసుకొన్నవారే ఈ మాట అన్నారని మరవకూడదు.

ప్రశ్న: 1977 ఉప్పెనలో మా నాయనమ్మ ఇద్దరు బిడ్డలను పోగొట్టుకొన్నది. అది సముద్రుడి ఆగ్రహమని చివరిదాకా అనేది. వాయుగుండమనీ, అల్పపీడనమనీ మేము చెబితే ఆమె దుఃఖాన్ని చిన్నబుచ్చినట్టు అనిపించేది. (పాఠకుడు, దివిసీమ)

జవాబు: ఆమె ఆగ్రహం అన్నది, శిక్ష అనలేదు. ఈ రెంటికీ చాలా దూరం ఉన్నది. సముద్రం మనకన్నా పెద్దది, దానితో పోరాడి గెలవలేము అన్నది మొదటి మాటలోని అర్థం. పోయినవాళ్ళు ఏదో చేశారు గనుకనే పోయారన్నది రెండవదానిలోని అర్థం. నవంబరు 19 నాటి ఆ ఉప్పెనలో అధికారుల లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది పోయారు. తీరం దగ్గర గుడిసెలలో తలదాచుకొన్న పేదవాళ్ళను శిక్షకు ఏరుకొన్న దేవుణ్ణి మీ నాయనమ్మ ఊహించి ఉండదు.

జరిగినది ఇది. తుఫాను కన్ను దగ్గర గాలి పీడనం పడిపోతే అక్కడి నీరు ఉబుకుతుంది. ఒక మిల్లీబారు తగ్గితే ఒక సెంటీమీటరు చొప్పున, 50 మిల్లీబార్లు తగ్గినా అర మీటరే. అసలు దెబ్బ గాలిది. గంటల తరబడి ఒకే వైపు వీచే పెనుగాలి నీటిని తీరానికి తోస్తుంది. సముద్రం లోతుగా ఉంటే ఆ నీరు అడుగునుంచి వెనక్కి పోగలదు, కృష్ణానది సముద్రంలో కలిసే చోట వలె మెరక అయితే పైకి లేవడం తప్ప దానికి దారి లేదు. ఆ రాత్రి సుమారు ఐదు మీటర్ల ఎత్తున లేచి చదునైన డెల్టా మీద కిలోమీటర్ల కొద్దీ లోపలికి వచ్చింది. 1864 నవంబరు 1న బందరులో సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకొన్నదీ ఇటువంటి ఉప్పెనే.

ఈ వివరణ తెలిస్తే ఏ ఊరు ఎప్పుడు ఖాళీ చేయాలో చెప్పవచ్చును. అయితే కథలు ఆ పని చేయలేవని అనుకోకండి. ఇండొనేషియాలోని సిమెలూ దీవిలో 1907లో భూకంపం వెంట సునామీ వచ్చి చాలామంది పోయారు. ఆ దీవివాసులు దానికి "స్మోంగ్" అని పేరు పెట్టి, నేల గట్టిగా కదిలి సముద్రం వెనక్కి పోతే కొండ ఎక్కమని పిల్లలకు కథలుగా, జోలపాటలుగా చెబుతూ వచ్చారు. 2004 డిసెంబరు 26న, భూకంప కేంద్రానికి అతి దగ్గరగా ఉండి కూడా, సుమారు 78,000 జనాభాలో పోయినవారు ఏడుగురు. మీ నాయనమ్మ ఆ రాత్రి గురించి చెప్పినవి, గాలి ఎటునుంచి ఎటు తిరిగిందో, నీరు ఎంతసేపట్లో మోకాలినుంచి మెడకు వచ్చిందో గుర్తుంటే రాసిపెట్టండి.

ప్రశ్న: హిమాలయాలలో దొరికే సాలగ్రామాలు సముద్రజీవుల గుల్లలని చదివాను. సముద్రం అంత ఎత్తుకు వచ్చిందనడానికి ఇవి నిదర్శనం కావా? (పాఠకుడు, తిరుపతి)

జవాబు: సముద్రం కొండ ఎక్కలేదు, సముద్రపు అడుగే కొండ అయింది. నేపాలులో ముక్తినాథ్ దిగువన కాళీగండకీ నదిలో దొరికే సాలగ్రామాలలోని చక్రం అమ్మోనైట్ అనే జీవి గుల్ల శిలాజం. సుమారు 15 కోట్ల ఏళ్ళ కిందట టెథిస్ అనే సముద్రం అడుగున బురదలో పూడిపోయినది. తరవాత భారత ఫలకం ఉత్తరానికి జరిగి, సుమారు 5 కోట్ల ఏళ్ళ కిందట ఆసియాను ఢీకొని, ఆ అడుగును మడతలు పెట్టి పైకి లేపింది. ఎవరెస్టు కొన మీది రాయి కూడా సముద్రంలో ఏర్పడిన సున్నపురాయే. ప్రళయం కొట్టుకు తెచ్చిన గుల్లలైతే అన్ని కాలాలవీ కలగాపులగంగా ఉండాలి. ఇవి పొరపొరలుగా, కాలక్రమంలో ఉన్నవి. ఇటలీ కొండలలోని ఆల్చిప్పల గురించి లియొనార్డో డావిన్చి ఈ వాదమే చేశాడు. రోజుకు నాలుగు మూరలు పాకే జీవి నలభై రోజుల వరదలో సముద్రంనుంచి 250 మైళ్ళు ఎలా వచ్చిందని లెక్క కట్టి మరీ అడిగాడు. పూజలో ఉన్న సాలగ్రామానికి ఈ సంగతి వల్ల వచ్చిన లోటేమీ నాకు కనిపించదు.

ప్రశ్న: మనువును కాపాడిన చేప మొదటినుంచీ విష్ణువేనా? (పాఠకురాలు, ఏలూరు)

జవాబు: కాదు. శతపథ బ్రాహ్మణంలో అది చేప, అంతే. మహాభారతం అరణ్యపర్వంలో తాను ప్రజాపతి బ్రహ్మనని చెప్పుకొంటుంది. మత్స్యపురాణమూ భాగవతమూ దానిని విష్ణువు అన్నాయి. భాగవతంలో రాజు కూడా ద్రవిడదేశాధిపతి సత్యవ్రతుడు, చేప దొరికినది కృతమాలా నదిలో. ఈ సత్యవ్రతుడే తరవాత వైవస్వత మనువు అయ్యాడని అక్కడి మాట. కల్పం చివర రావలసిన ప్రళయం మనువు మారేటప్పుడు ఎలా వచ్చిందన్న చిక్కు ప్రాచీన వ్యాఖ్యాతలకే తోచి, వారిలో కొందరు అది నిజమైన ప్రళయం కాదనీ, భగవంతుడు మాయచేత చూపినదనీ సర్దిచెప్పారు. తెలుగులో కావాలంటే పోతన అష్టమ స్కంధం చివర ఉన్నది; గజేంద్రమోక్షం, వామనచరిత్ర దగ్గర పుస్తకం మూసివేసేవారే ఎక్కువ, మీరు అక్కడిదాకా చదవండి.